రంగు ఏల రాలును?

బొమ్మను చూచినవాడు మొదట దాని రంగును చూచును. ఎఱ్ఱని తలపాగ, పచ్చని చిలుక, నల్లని కనుపాప మన కన్నులను ఆకర్షించును. ఆ రంగు క్రింద ఏమున్నదో ఎవరును ఆలోచింపరు. కొన్ని నెలలు గడచునప్పటికి తలపాగపై పొక్కులు లేచి, చిలుక ముక్కు పెచ్చులూడి, కనుపాప రాలిపోయినచో “రంగు మంచిది కాదు” అని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు పెక్కుసారులు తప్పగుచుండును. దోషము సాధారణముగా రంగునకును బొమ్మకును నడుమ దాగియుండును. దానిని కనుగొను విధమును, నివారించు విధమును తెలిసికొందము.

ఇది అల్పవిషయమని తలపరాదు. జానెడు బొమ్మకై పనివాడు పలుదినములు శ్రమించును. రంగు రాలినచో ఆ శ్రమయంతయు వ్యర్థమగును. కొన్నవాడు మరల ఆ వాకిలికి రాడు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పసిపిల్లలు బొమ్మను నోటిలో పెట్టుకొందురు. రాలిన పెచ్చు వారి కడుపులోనికి పోవును. పూర్వము అనేక రంగులలో సీసము కలిపెడివారు. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. ఇండ్లకును అలంకరణకును వాడు రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకంటె ఎక్కువ సీసము ఉండరాదని మన దేశమున 2016లో నియమము చేసిరి. అయినను పాత బొమ్మల పూతలలో అది మిగిలియుండవచ్చును. కావున రంగు నిలుచుట అందమునకే కాక ఆరోగ్యమునకును అవసరము.

రంగు వస్తువును అంటిపెట్టుకొని యుండుటకు మూడు విషయములు కావలయును. మొదటిది, తడిరంగు వస్తువుపై చక్కగా పరచుకొనవలయును. నూనె అంటిన పళ్ళెముపై నీరు పోసినచో పరచుకొనక ముత్యములవలె విడివిడిగా నిలుచును గదా! రంగును అంతే. రెండవది, వస్తువుపై కంటికి కనబడని సన్నని గరుకు ఉండవలయును. దున్నని గట్టి నేలపై చల్లిన విత్తనము గాలికి కొట్టుకొనిపోవును. దుక్కిచాలులో పడినది వేరూనును. రంగు కూడ ఆ గరుకులో దిగి వేరూనును. మూడవది, రంగుపొడిని పట్టియుంచు జిగురు తగినంత యుండవలయును. ఈ మూడును సమకూర్చుటకే రంగునకు ముందు తొలిపూత వేయుదురు. రంగు పనివారు దీనిని ప్రైమరు అందురు.

మన తెలుగుదేశపు పనివారు ఈ రహస్యమును ఏనాడో గ్రహించిరి. ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లి బొమ్మలను చూడుడు. వీనిని తెల్లపొణికి యను తేలికైన కఱ్ఱతో చేయుదురు. మొదట కఱ్ఱలోని చెమ్మ పోవునట్లు దానిని మెల్లగా వేడిచేయుదురు. చేతులు, కాళ్ళు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. అతుకులను నున్నగా సరిచేసి సున్నము పూయుదురు. అది ఆరిన పిమ్మటనే రంగులు దిద్దుదురు. కఱ్ఱలోని సందులను మక్కు పూడ్చును. సున్నము అన్నిటిపైని ఒకే తెల్లని, కొంచెము గరుకైన తలమును కల్పించును. రంగు ఆ తలమును పట్టుకొనును. ఒక్కొక్క పొర తన క్రింది పొరను నమ్ముకొని యుండును.

తొలిపూత లేకుండ రంగు నిలుపు పద్ధతియు ఒకటి కలదు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపై గిఱ్ఱున త్రిప్పుచు, రంగు కలిపిన లక్కబిళ్ళను దానికి ఒత్తుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కఱ్ఱను అంటుకొనును. కాని ఈ పద్ధతి తరిమెనపై తిరుగు గుండ్రని బొమ్మలకే చెల్లును. ముక్కు, చెవి, వ్రేళ్ళు గల బొమ్మకు తొలిపూత తప్పదు.

ఇక మన రాయలసీమకు వత్తము. కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, ఆదోనికిని మంత్రాలయమునకును నడుమ కోసిగి కలదు. కన్నడసీమకు దగ్గరనున్న ఈ ప్రాంతమున జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించు ఆచారము కలదు. అట్టి ఎద్దుకు సున్నము పూసి, కొమ్ములకు ఎఱుపు, మూపురమునకు పసుపు దిద్ది ఏడాదిపొడవున దాచుకొనవలెనని ఒక బాలుడు కోరుకొనెననుకొందము. కొండపల్లి పద్ధతినే అనుసరించినను అతని ఎద్దు రంగు రాల్చవచ్చును. ఏలన, ఇచ్చటి మట్టి వేరు, నీరు వేరు, గాలి వేరు.

రంగు రాలినప్పుడు రోగమును కనుగొనుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. రాలిన పెచ్చును పారవేయక దాని వీపును చూడవలయును. వీపున మట్టియో కఱ్ఱపొట్టో అంటియున్నచో దోషము బొమ్మయొక్క ఒంటిలోనే యున్నది. పెచ్చు వీపునను బొమ్మపైనను తెల్లని పొడి యున్నచో తొలిపూతయే నడిమికి చీలినది. వీపు శుభ్రముగా నుండి, బొమ్మపై తొలిపూత చెక్కుచెదరక యున్నచో, ఆ రెంటికి నడుమ దుమ్మో జిడ్డో చేరినదని తెలియవలయును.

మొదటి రోగము పచ్చిమట్టి బొమ్మలకు వచ్చును. కాల్చని మట్టిపై నీటితో కలిపిన పూత వేసినచో పైమట్టి మరల తడిసి మెత్తబడి, ఆరిన పిదప పూతతో కూడ ఊడివచ్చును. బొమ్మను నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మొదట పలుచని జిగురునీరు ఒక్కసారి మాత్రమే పూసి, అది ఆరిన వెనుక తొలిపూత వేయవలయును. కాల్చిన మట్టికి ఈ బాధ లేదు.

రెండవ రోగము సున్నమునకు సంబంధించినది. సున్నము నీరు ఆరినంతమాత్రమున గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డై ఆక్సైడును, మెల్లగా గ్రహించి సున్నపురాయిగా మారినప్పుడే గట్టిపడును. ఆ మార్పు జరుగుటకు కొంత తడి యుండవలయును. కోసిగి ప్రాంతమున వేసవియెండ 40 డిగ్రీల సెంటిగ్రేడును మించును. ఆ వడగాలిలో తడి క్షణములలో ఎగిరిపోవును; సున్నము గట్టిపడక పొడిగానే మిగిలిపోవును. వ్రేలితో రాచినచో వ్రేలు తెల్లబడుటయే దీనికి గుర్తు. ఇట్టి చోట పూతను ఉదయముననో సాయంకాలముననో నీడలో వేసి, తడిగుడ్డను బొమ్మకు తగులకుండ చుట్టునుంచి మెల్లగా ఆరనీయవలయును. డబ్బానుండి తుంపురుగా చిమ్ము రంగులకును వడగాలి శత్రువే. తుంపరలు బొమ్మను చేరకమునుపే దారిలో ఆరి, ఇసుకవలె గరుకుగా పడును.

మూడవది ఉప్పురోగము. ఈ మెట్టసీమలో పెక్కు బావుల నీరు ఉప్పన. ఆ నీటితో కలిపిన మట్టి ఆరునప్పుడు నీరు మాత్రమే గాలిలోనికి పోవును. ఉప్పు పైకి వచ్చి, చౌడునేలపై తేలినట్లు తెల్లగా తేలును. పూత క్రింద తేలిన ఉప్పు గడ్డకట్టి పూతను పైకి నెట్టివేయును. వాననీటితో మట్టిని కలుపుట దీనికి మేలైన మందు. అప్పటికే తేలిన ఉప్పును పొడిబ్రష్షుతో దులుపవలయును. నీటితో కడిగినచో అది మరల లోనికి దిగును.

నాలుగవది జిడ్డు. మన చేతులలో ఎప్పుడును కొంత చెమట, నూనె యుండును. అచ్చులో పోసిన ప్లాస్టిక్కు బొమ్మలకును లోహపు బొమ్మలకును, అచ్చునుండి సులభముగ వెడలుటకై పూసిన నూనెవంటి పదార్థము అంటియుండవచ్చును. అంగుళమంత సైనికుల బొమ్మలకు రంగులు వేయు అభిరుచి అనేక దేశములలో కలదు. వారు మొట్టమొదట చేయు పని బొమ్మను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టుట. పిమ్మట సన్నని ఉప్పుకాగితముతో మెల్లగా రుద్ది, దుమ్ము దులిపి, తొలిపూత వేయుదురు. జిడ్డు పోయినదో లేదో ఒక నీటిబొట్టు చెప్పును: పరచుకొన్నచో పోయినది, ముత్యమువలె నిలిచినచో ఇంకను ఉన్నది.

నల్లరేగడి చేను వేసవిలో నెర్రెలు విచ్చుట మీరు చూచియుందురు. నీరు పోయినకొలది మట్టి కుదించుకొనును. కుదింపును ఓర్వలేక పగులును. మందముగా వేసిన పూతయు, జిగురు ఎక్కువైన పూతయు ఇట్లే పగులును. అందుచేత మందపు పూత ఒకటి వేయుటకంటె పలుచని పూతలు రెండు వేయుట మేలు. మొదటిది ఆరక రెండవది వేయరాదు. చెమ్మగల కఱ్ఱపై రంగు వేసి ఎండలో నుంచినచో లోని చెమ్మ ఆవిరియై పొక్కులను లేపును. పచ్చిసున్నముపై నూనెరంగు వేసినచో, సున్నపు క్షారము నూనెను సబ్బువంటి పదార్థముగా మార్చును. అట్టి రంగు ఎన్ని దినములైనను జిగటగానే యుండి చివరకు ఊడిపోవును. సున్నము పూర్తిగా మారువఱకు కొన్ని వారములు ఆగవలయును, లేదా నీటిరంగులను వాడవలయును.

బొమ్మపై రంగు వేయకముందు అదే మట్టితోనో కఱ్ఱతోనో చేసిన తునుకపై పరీక్షించుట మంచిది. పూత బాగుగా ఆరిన పిదప పెద్దల సహాయమున పదునైన కత్తితో మిల్లీమీటరు ఎడముగా ఆరు గీతలు నిలువుగను, ఆరు అడ్డముగను గీయుడు. 25 చిన్న గళ్ళు ఏర్పడును. వానిపై జిగురుపట్టీ నొక్కి అంటించి లాగుడు. గళ్ళన్నియు నిలిచినచో పూత మంచిది. ఎన్ని గళ్ళు పట్టీతో ఊడివచ్చిన అంత దోషము కలదు. ఇట్లు గీతలు గీసి పరీక్షించు పద్ధతి నేటి కర్మాగారములలోను వాడుకలో నున్నది.

రాలిన రంగుపై క్రొత్తరంగు వేసి కప్పుట చికిత్స కాదు. క్రింది పొర వదలియుండగా పైపొర నిలువదు. రెండును కలిసి రాలును. వదలిన భాగమునంతయు తొలగించి, గట్టి అంచు దొరకువఱకు పోయి, అచ్చటినుండి మరల మొదలుపెట్టవలయును. గరుకుకాగితమును తడిపి రుద్దినచో దుమ్ము లేవదు. ఏ రంగు వేసిరో తెలియని పాత బొమ్మలను మాత్రము పిల్లలు గీకరాదు. ఆ పనిని పెద్దలకు వదలవలయును.

సంతలో బొమ్మను కొనువాడు తొలిపూతను చూడడు. దానికి వేరుగా వెల కట్టడు. అయినను మంచి పనివాడు దానిని మానడు. తన చేతిలోనుండి వెడలిన బొమ్మ పది యేండ్ల తరువాత ఏ యింటి కొలువులోనో అదే రంగుతో నిలువవలెనని అతని కోరిక. ఆ నిలుకడకు కారణము ఎవరికిని కనబడని ఆ తెల్లని పొరయే.