ఇసుకను వదిలించుకున్న యంత్రం

1870 అక్టోబరు 18న అమెరికాలో 108,408వ నంబరు పేటెంటు వెలువడింది. ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ దాన్ని అందుకున్నాడు. అందులోని విషయం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఆవిరితోనో గాలితోనో నీటితోనో ఇసుకను వేగంగా కొడితే రాయి, గాజు, ఇనుము అరుగుతాయి. ఎడారి గాలికి లేచిన ఇసుక కిటికీ అద్దాలను మసకబార్చడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు.

టిల్గ్‌మన్ అప్పటికే పేరున్న రసాయన పరిశోధకుడు. చెక్కను సల్ఫైట్ ద్రావణంతో ఉడికించి కాగితపు గుజ్జు తీసే పద్ధతి కూడా ఆయనదే. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేన తరఫున పోరాడి, 1863లో చాన్సలర్స్‌విల్ దగ్గర గాయపడ్డాడు. తర్వాత నల్లజాతి సైనికుల రెజిమెంటుకు నాయకత్వం వహించాడు. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లకు 1870ల్లో ప్రభుత్వం పాలరాతి ఫలకాలు నిలబెట్టినప్పుడు, వెర్మాంట్‌లో వాటి మీద పేర్లు తేల్చడానికి ఈ ఇసుక ధారనే వాడారు. పోత ఇనుప అక్షరాలను రాతి మీద పేర్చి చుట్టూ ఇసుక కొడితే, అక్షరాల కింది రాయి మిగిలి తక్కినది లోపలికి దిగేది. తన తోటి సైనికుల పేర్లు తన యంత్రం చెక్కడం ఎవరికో గానీ దక్కని సంగతి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మరొకటి ఉంది. ఇసుక ధార పెళుసైనవాటిని త్వరగా తింటుంది, మెత్తవాటిని వదిలేస్తుంది. గాజు మీద సన్నటి లేసు గుడ్డ పరిచి ఇసుక కొడితే, గాజు అరిగి లేసు నిలుస్తుంది, దాని అల్లిక గాజు మీద అచ్చుపడుతుంది. గాజు పెళుసు కాబట్టి ప్రతి రేణువు దెబ్బకూ ఓ సన్నటి పెచ్చు లేస్తుంది. రబ్బరు, గుడ్డ మాత్రం సాగి, లొంగి, రేణువును వెనక్కి పంపేస్తాయి. మన పూజగది తలుపుల అద్దాల మీద తెల్లగా కనిపించే శంఖుచక్రాలు, నెమళ్లు ఇలా వచ్చినవే. స్టిక్కరు కోసి అతికిస్తారు, బయటున్న భాగం మీద కొడతారు, ఆపైన స్టిక్కరు పీకేస్తారు.

మొదట్లో ఆవిరే ఎక్కువగా వాడారు. 1904లో థామస్ పాంగ్‌బోర్న్ కంప్రెసర్ గాలితో నడిచే యంత్రాలు తయారుచేయడం మొదలుపెట్టాక ఇది కర్మాగారాల్లో స్థిరపడింది. క్రమంగా చిన్నదై ఇంటి షెడ్డులోకీ వచ్చింది. తుప్పుపట్టిన గేటు, పాత స్కూటరు రిమ్ము శుభ్రం చేసుకోవాలనుకునేవాళ్లకు కావలసినవి కంప్రెసర్, ఒక గన్, కొట్టడానికి ఇసుకలాంటి గుండ.

గన్ పనిచేసే తీరు దోమల మందు కొట్టే పాత చేతి పంపు లాంటిదే. సన్నటి రంధ్రంలోంచి గాలి దూసుకుపోతే దాని చుట్టూ పీడనం పడిపోతుంది, ఆ ఖాళీలోకి కింది గొట్టంలోంచి గుండ ఎగబాకుతుంది. ఇబ్బందంతా గాలి దగ్గరే. 3 మిల్లీమీటర్ల నాజిల్ 80 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి దాదాపు 17 ఘనపుటడుగుల గాలి తాగుతుంది. 2 హార్స్‌పవర్ కంప్రెసర్ అందులో సగం కూడా కష్టం మీదే ఇస్తుంది. కాబట్టి కాసేపు కొట్టి, ట్యాంకు నిండేదాకా ఆగాలి. గాలితోపాటు వచ్చే తేమకు గుండ ముద్దకట్టి గొట్టం పూడుకుపోతుంది. నీటిని వడకట్టే ట్రాప్ లేకుండా మొదలుపెట్టడం వృథా.

ఇక ఏటి ఇసుక సంగతి. దాన్ని వాడొద్దనే గట్టిగా చెబుతాను. ఇసుకలో ఎక్కువ భాగం సిలికా. దెబ్బకు రేణువు పగిలినప్పుడు కంటికి కనిపించనంత సన్నటి ధూళి లేచి ఊపిరితిత్తుల లోపలి అరల్లో కూరుకుపోతుంది. అక్కడ మచ్చలుగా గట్టిపడే జబ్బే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. బ్రిటన్ ఈ పనిలో సిలికా ఇసుకను 1949లోనే నిషేధించింది. జీన్స్ ప్యాంట్లకు పాతరూపు తేవడానికి ఇసుక కొట్టిన యువ కార్మికులు ఈ జబ్బుతో చనిపోవడంతో, టర్కీ 2009లో ఆ పనిని ఆపేసింది. మన కార్మిక చట్టాల్లో కూడా, తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో సిలికోసిస్ ఉంది. నోటికి చుట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపదు.

ఇసుకకు బదులు వాడే గార్నెట్ అనే ఖనిజం మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకల్లో ఎర్రగా మెరుస్తుంది. ఇసుకలోని క్వార్ట్జ్‌కు దీటైన గట్టిదనం, విడిగా ఉండే సిలికా మాత్రం బాగా తక్కువ. గాజుకైతే అల్యూమినియం ఆక్సైడ్, పలుచని రేకుకైతే గాజు పూసలు మేలు. అయినా ఏది కొట్టినా గేటు మీది పాత రంగు పొడి అవుతుంది. ఒకప్పటి ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండేది. అందుకే అద్దం, చేతొడుగులు బిగించిన మూసిన పెట్టెలోనే పని చేయాలి, లోపలి ధూళిని వాక్యూమ్‌తో లాగాలి, ముఖానికి బిగుతుగా అతికే ఫిల్టరు రెస్పిరేటర్ తొడగాలి. పెట్టెలో పట్టని గేటును వీధిలో పెట్టి కొడితే పక్కింటి పిల్లలు కూడా ఆ ధూళినే పీలుస్తారు. దాన్ని సరైన గదీ, గాలి అందించే హెల్మెట్లూ ఉన్న షాపుకు పంపడమే న్యాయం.

కొట్టడం అయ్యాక ఇనుము బూడిదరంగులో, గరుకుగా తేలుతుంది. ఆ గరుకుకే రంగు పట్టుకుంటుంది. కానీ కాపు లేని ఆ ఇనుము గాలిలో తేమను వెంటనే పట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల పొద్దున కొట్టింది సాయంత్రానికే ఎర్రబడొచ్చు. ఒట్టి చేత్తో తాకకుండా, దుమ్ము ఊదేసి, అదే పూట ప్రైమర్ వేసేయాలి.