మగ ఎలుక కొలతతో నొప్పి మందు

ఎర్రమంచి పేరు ఒకప్పుడు పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల వాళ్లకే తెలుసు. 2019లో అక్కడి ఫ్యాక్టరీ నుంచి కియా కార్లు బయటికి రావడంతో దేశమంతా తెలిసింది. కారు ఎంత భద్రమో తేల్చాలంటే ఏ దేశంలోనైనా దాన్ని గుద్దించి చూస్తారు. లోపల మనిషికి బదులు బొమ్మ కూర్చుంటుంది. ఎక్కువగా వాడే బొమ్మకు మూలం 1976లో అమెరికాలో జనరల్ మోటార్స్ చేసిన నమూనా: సుమారు 78 కిలోల సగటు మగవాడు. ఆడబొమ్మ అంటే చాలాకాలం అదే బొమ్మను కుదించి చేసినదే. నొప్పి మందుల పరిశోధనలో ఆ బొమ్మ స్థానం మగ ఎలుకది.

2009లో అచ్చయిన నాడీశాస్త్ర పత్రాలను బీరీ, జుకర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కతీశారు. కేవలం ఆడ జంతువుల మీద చేసిన పరిశోధన ఒకటుంటే, కేవలం మగవాటి మీద చేసినవి ఐదున్నర! ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు ఎగుడుదిగుడవుతాయి, ఫలితాలు చెదిరిపోతాయి అన్నది అందరూ చెప్పే సాకు. ఆ హార్మోన్లే మందు పనితీరును మారుస్తుంటే?

మధ్య మెదడులో ఒక సన్నని కాలువ చుట్టూ బూడిదరంగు పొర ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని క్లుప్తంగా ‘పీఏజీ’ అంటారు. అక్కడి నుంచి వెన్నుపాముకు దిగే ఆజ్ఞలు కింది నుంచి వచ్చే నొప్పి కబురును అడ్డుకుంటాయి. 1969లో రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులో ఈ చోట స్వల్పంగా కరెంటు పెట్టి, మత్తు ఇవ్వకుండానే పొట్ట కోసి ఆపరేషన్ చేశాడు. ధర్మవరంలో గుంట మగ్గం మీద ఉన్నంతసేపూ నేతగాడికి తెలియని నడుం నొప్పి, లేచి నిలబడగానే పట్టేస్తుంది. ధ్యాస పనిమీద ఉన్నప్పుడు నొప్పిని తొక్కిపెట్టే ఏర్పాటులో ఈ పొరకూ భాగముంది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ పనిచేసే ముఖ్యమైన చోట్లలో ఇదీ ఒకటి. మెదడు కణాల మీద మార్ఫిన్ పట్టుకునే గ్రాహకాలున్నాయని 1973లో కాండేస్ పెర్ట్, సాల్మన్ స్నైడర్ చూపించారు. వాటిలో మార్ఫిన్‌కు ముఖ్యమైనది ‘మ్యూ’ రకం.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో ఆన్ మర్ఫీ బృందం ఆడ, మగ ఎలుకలను పక్కపక్కన పెట్టి చూసింది. 2008లో వచ్చిన ఫలితం ఇది: పీఏజీలో మ్యూ గ్రాహకాలు మగవాటిలో ఎక్కువ, ఆడవాటిలో తక్కువ. ఈస్ట్రోజన్ పెరిగే దశలో మరీ తక్కువ. ఆ గ్రాహకాలున్న కణాలను మాత్రమే చంపే విషాన్ని అక్కడ ఎక్కిస్తే, మగ ఎలుకల్లో మార్ఫిన్ బాగా బలహీనపడింది. ఆడవాటిలో పెద్ద తేడా రాలేదు.

కారణం గ్రాహకాల సంఖ్య ఒక్కటే కాదు. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలకు మార్ఫిన్ పరాయి వస్తువులా తగులుతుంది. అవి రేగి వాపు రసాయనాలు వదులుతాయి, దాంతో మందు పని దెబ్బతింటుంది. ఆడ ఎలుకల పీఏజీలో ఈ రేగడాన్ని అడ్డుకుంటే మార్ఫిన్ మగవాటిలో చేసినంత పని చేసింది. మగవాటిలో కావాలని రేపితే మందు సన్నగిల్లింది. ఇది 2017 నాటి పని.

అయితే ఆడవాళ్లకు మార్ఫిన్ డోసు పెంచేయాలని దీన్ని బట్టి తీర్మానిస్తే పొరపాటే. ఎలుకకు మనిషికి తేడా ఉంది. 2000లో నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలో స్త్రీలకు మార్ఫిన్ నెమ్మదిగా ఎక్కింది, నెమ్మదిగా దిగింది, కానీ ఎక్కాక బలంగానే పనిచేసింది. మెదడు స్కాన్లు మరో కోణం చూపాయి. 2002లో మిషిగన్‌లో జుబియెటా బృందం వలంటీర్ల దవడ కండరంలోకి ఉప్పు ద్రావణం ఎక్కించి నొప్పి పుట్టించింది. అదే స్థాయి నొప్పికి మెదడు సొంత నొప్పి నివారణ వ్యవస్థ థాలమస్, అమిగ్డలా వంటి చోట్ల పురుషుల్లో ఎక్కువగా కదిలింది.

స్త్రీల వైపు మొగ్గే మందులూ లేకపోలేదు. మన ఆసుపత్రుల్లో ఫోర్ట్‌విన్ ఇంజెక్షన్ తెలియని నర్సు అరుదు. మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాముల పెంటజోసిన్ ఉండే ఆ ఆంప్యూల్‌ను ఫెనర్గన్‌తో కలిపి ఇవ్వడం పాత అలవాటు. ఇది ‘కాప్పా’ అనే మరో రకం గ్రాహకాల మీద పనిచేసే మందు. కాలిఫోర్నియాలో జాన్ లెవిన్ బృందం జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు ఈ రకం మందులు ఇచ్చి చూస్తే, 1996 ఫలితాల్లో స్త్రీలకు ఉపశమనం స్పష్టంగా ఎక్కువ. 1999లో ఇంకో చిత్రం బయటపడింది: ఇదే జాతికి చెందిన నాల్బుఫిన్‌ను 5 మిల్లీగ్రాములు ఇస్తే మగవాళ్లకు నొప్పి ఉత్తుత్తి మందు కన్నా పెరిగింది!

2003లో మోగిల్ బృందం ఇందులో ఒక జన్యువు పాత్రను పట్టుకుంది. ఎర్రజుట్టుకు కారణమయ్యే ఎంసీ1ఆర్ జన్యువు మార్పులు రెండు ఉన్న స్త్రీలకు పెంటజోసిన్ మరింత బాగా పనిచేసింది. అవే మార్పులున్న పురుషులకు ఆ లాభం లేదు. ఆ మార్పులు తెలుగువాళ్లలో బహు అరుదు. కాబట్టి ధర్మవరం, హిందూపురం వార్డుల్లో ఆ ఇంజెక్షన్ ఎవరికి ఎంత పనిచేస్తుందో తేలాలంటే, ఆడా మగా లెక్కలు విడివిడిగా ఇక్కడే రాయాలి.