మీకు తెలుసా? పూతరేకులదీ నారింజ రంగే!

విమానాశ్రయ స్కానర్ తెర మీద ఆత్రేయపురం పూతరేకులూ, పేలుడు పదార్థమూ ఒకే రంగులో కనిపిస్తాయి: నారింజ.

రెండింటిలోనూ ఎక్కువగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలే. యంత్రం రెండు శక్తి స్థాయుల్లో ఎక్స్-రేలు పంపి, ఏ వస్తువు ఎంత పీల్చుకుందో లెక్కగట్టి రంగు వేస్తుంది. ఇత్తడి చెంబు పెడితే నీలం.

మరి మిఠాయినీ బాంబునూ విడదీసేదేమిటి? ముఖ్యంగా సాంద్రత. టీఎన్‌టీ ఘన సెంటీమీటరుకు సుమారు 1.65 గ్రాములు తూగుతుంది. నెయ్యి నీటి మీద తేలుతుంది. పొరలు పొరలుగా గాలి నిండిన పూతరేకు సంగతి చెప్పేదేముంది!

అయినా అనుమానం తీరకపోతే సిబ్బంది చిన్న గుడ్డపట్టీతో బ్యాగు పిడిని తుడిచి మరో యంత్రంలో పెడతారు. పట్టీకి అంటిన కణాలు వేడికి ఆవిరై అయాన్లుగా మారతాయి. వాటి నడక వేగమే గుట్టు విప్పుతుంది. నానోగ్రాముల జాడ చాలు.

అన్నట్టు, మధురపూడిలో విమానమెక్కే కోనసీమవాసులకో మాట. చెక్-ఇన్ పెట్టెలో కురిడీ కొబ్బరి పెట్టకండి. నూనె ఎక్కువున్న ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. ప్రమాదకర సరకుల జాబితాలో దాని నంబరు యూఎన్ 1363.