పదహారు గంటల్లో పారిస్ – మా అత్తగారి ఈఫిల్ టవరు

మా పెద్దమ్మాయి పారిస్ చూసొచ్చిందండీ! "ఓస్, ఇప్పుడదేం వింత? వీధికొకరు విదేశాల్లోనే ఉన్నారుగా" అంటారేమో. నిజమే. కానీ హోటల్లో దిగి తీరిగ్గా వారం రోజులు చూసిరావడం వేరు, పొద్దున్న ఆరున్నరకు బస్సు దిగి రాత్రి పదిన్నరకు మళ్ళీ బస్సెక్కడం వేరు. అందులోనూ వెళ్ళొద్దని నేను పోట్లాడాక వెళ్ళింది. ఆ కథే మీకు చెబుదామని కూర్చున్నాను.

మాది కాకినాడ. అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది. చదువుకు బ్యాంకులో అప్పు తీశాం. ఆ వాయిదా ఎంతో, నెలలో ఏ తారీఖున కట్టాలో మావారికన్నా నాకే బాగా గుర్తు. 2025 అక్టోబరు 2న, దసరా పండగ పూట ఫోన్ చేసి, "అమ్మా, రేపిక్కడ సెలవు. రేపు రాత్రి బస్సుకి బయల్దేరి ఎల్లుండి పారిస్ చూసొస్తాను" అంది. నాకు ఒళ్ళు మండింది. "అప్పు నెత్తిమీద పెట్టుకుని షికార్లేమిటే? పైగా ఒక్కదానివీనా?" అన్నాను. "హోటల్లో గిన్నెలు కడిగి దాచుకున్న డబ్బమ్మా, నీ డబ్బు కాదు" అని ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో కాఫీ గ్లాసు కూడా కడిగి ఎరగని పిల్ల! ఆ మాట వినగానే నాకు నోట మాట రాలేదు. అంతవరకూ ఏదో "పార్ట్ టైమ్" అంటే బల్ల ముందు కూర్చుని చేసే పనేమో అనుకున్నాను.

ఇదంతా పక్క గదిలో పడుకుని మా అత్తగారు విన్నారు. ఆవిడకి ఎనభై ఒకటి. పుట్టింది యానాంలో. మీకు తెలుసు కదా, యానాం రెండొందల ఏళ్ళకు పైగా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండి 1954లో మన దేశంలో కలిసింది. అప్పటికి ఆవిడకి పదేళ్ళు. ఫ్రెంచి బడిలో చదివారు. ఇప్పటికీ మా మనవలకి "ఊన్, దూ, త్రువా" అని ఒంట్లు చెబుతారు. "వెళ్ళనీవే అమ్మాయీ. మా బళ్ళో గోడకి ఆ ఇనప గోపురం బొమ్మ ఉండేది. పెద్దయ్యాక అక్కడికి వెళ్తానని చెప్పేదాన్ని. యానాం నుంచి కాకినాడ, ముప్పై కిలోమీటర్లు, అదీ నా ప్రయాణం!" అన్నారు నవ్వుతూ. ఇంకేం మాట్లాడతాను? ఆ రాత్రే నేను ఫోన్ చేసి, "జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాను.

ఇక ప్రయాణం వినండి. శుక్రవారం రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే తెల్లారేసరికి పారిస్‌లో బెర్సీ అనే బస్టాండు. జర్మనీ రెసిడెన్స్ కార్డున్నవాళ్ళకి ఫ్రాన్సుకి వేరే వీసా అక్కర్లేదట, పాస్‌పోర్టూ ఆ కార్డూ మాత్రం తప్పక దగ్గరుంచుకోవాలి. దిగగానే రోజంతా ఎన్నిసార్లైనా మెట్రో ఎక్కేందుకు పాసు తీసుకుంది. 2025లో దాని ఖరీదు 12 యూరోలు. విడి టికెట్టైతే రెండున్నర. "అయిదుసార్లు ఎక్కితే పాసే లాభమమ్మా" అంది. నా కూతురే అనుకున్నాను!

మొదట నోత్రదామ్ చర్చి. కట్టడం మొదలుపెట్టింది 1163లో. 2019 ఏప్రిల్ 15న మంటలంటుకుని పైకప్పు కాలిపోయి, శిఖరం కూలిపోవడం మనమంతా టీవీలో చూశాం. సుమారు రెండువేల ఓక్ చెట్ల కలపతో పైకప్పూ శిఖరం మళ్ళీ పాతపద్ధతిలోనే కట్టి, 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు. రాతిగోడలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయట. గుడి ముందు నేలలో ఒక చిన్న కంచు బిళ్ళ ఉంటుంది. పారిస్ నుంచి వెళ్ళే రోడ్ల దూరాలు అక్కణ్ణుంచే కొలుస్తారు. మా పిల్ల దానిమీద నిలబడి, "కాకినాడ ఎంత దూరమో ఇక్కడ రాసిలేదమ్మా" అని మెసేజ్ పెట్టింది.

తరవాత లూవ్ర్ మ్యూజియం. ఇది మంగళవారాలు మూసేస్తారు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఇరవై ఆరేళ్ళు నిండకుండా యూరప్‌లో నివాసముండే పిల్లలకి ప్రవేశం ఉచితం. అయినా ముందుగా ఇంటర్నెట్‌లో టైము రాయించుకుంటే మంచిది. అందరూ పరుగెత్తేది మోనాలిసా దగ్గరికే. తీరా చూస్తే అది 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. మన ఇంట్లో పెళ్ళి ఫోటో ఫ్రేమంత! ముందర వందలమంది సెల్‌ఫోన్లు పైకెత్తి నుంచున్నారట. 1911లో దాన్ని ఒక పనివాడు దొంగిలించాడు, రెండేళ్ళకిగానీ దొరకలేదు. విచిత్రమేమిటంటే, దానికి ఎదురుగోడ మీద వెరొనీస్ గీసిన పెళ్ళివిందు చిత్రం ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలోకెల్లా పెద్దది. అందరూ దానికి వీపు పెట్టి నుంచుంటారు. "నేను మాత్రం వెనక్కి తిరిగి ఎవరు వడ్డిస్తున్నారో చూశానమ్మా" అంది. గిన్నెలు కడిగిన చెయ్యి కదండీ, వడ్డించేవాళ్ళే కనబడతారు.

అపోలో గ్యాలరీ అనే హాల్లో అప్పుడు రాజుల నగలుండేవి. నెపోలియన్ రెండో భార్యకి పెళ్ళికానుకగా ఇచ్చిన పచ్చల హారం ఫోటో తీసి, "నీకిది ఎలా ఉంటుంది?" అని పంపింది. మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. సరిగ్గా పదిహేను రోజులు తిరగకుండా, అక్టోబరు 19 ఆదివారం పొద్దున్నే దొంగలు నిచ్చెన బండి వేసుకొచ్చి, కిటికీ కోసి, ఎనిమిది నిమిషాలలోపే ఆ నగల్లో కొన్ని ఎత్తుకుపోయారు. ఆ హారం కూడా పోయినవాటిలో ఉంది. వాటి విలువ 8 కోట్ల 80 లక్షల యూరోలని చెప్పారు. టీవీలో చూసి నాకు ఒకటే గుండెదడ. అంత కాపలా ఉన్న చోటే అలా అయితే, బీరువా తాళం తలగడ కింద పెట్టుకునే మన సంగతేమిటి!

మధ్యాహ్నం తోటలో బెంచీ మీద కూర్చుని భోజనం. ఇంటినుంచి నిమ్మకాయ పులిహోర చేసుకెళ్ళింది. పక్కనే ఒక బాగెట్ రొట్టె కొనుక్కుంది. ఈ పొడవాటి రొట్టె చేసే నేర్పుకి 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సంప్రదాయ బాగెట్ అని అమ్మాలంటే పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు తప్ప దాదాపు ఏమీ కలపకూడదని అక్కడ 1993 నుంచి చట్టమే ఉంది. మన ఇడ్లీపిండికీ ఇలాంటి చట్టం ఉంటే బాగుండు అనిపించింది నాకు.

తరవాత మోన్‌మార్త్ర్ గుట్ట మీద తెల్లటి సాక్రెకేర్ చర్చి. ఇక్కడే మోసపోయింది. మెట్ల దగ్గర ఒకతను నవ్వుతూ రంగు దారం తీసి చెయ్యి చాపమన్నాడట. మన పిల్ల, గుళ్ళో పంతులుగారు కంకణం కట్టినట్టే అనుకుని భక్తిగా కుడిచెయ్యి చాపింది! ముడివేసి ఇరవై యూరోలు ఇమ్మని పట్టుకున్నాడు. బేరమాడి అయిదు చేతిలో పెట్టి బయటపడింది. మీ పిల్లలెవరైనా వెళ్తుంటే ముందే చెప్పండి. అక్కడ ఎవరు దారం కడతామన్నా, సంతకం పెట్టమన్నా, కింద ఉంగరం దొరికిందన్నా చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచిపోవాలి. మెట్రోలో సంచీ ముందుకు తగిలించుకోవాలి.

ఏడుపుమొహంతో అక్కడికి దగ్గర్లోనే ఉన్న లా షాపెల్ పేటకి వెళ్ళింది. శ్రీలంక తమిళుల అంగళ్ళు. కరివేపాకు, మునక్కాడలు, మల్లెపూలు! అక్కడ వినాయకుడి గుడి కూడా ఉంది. ఏటా వేసవి చివర్లో వీధుల్లో రథం లాగి కొబ్బరికాయలు కొడతారు. రెండు ఇడ్లీ, సాంబారు తినేసరికి ప్రాణం కుదుటపడింది. హోటలావిడ చేతి దారం చూసి పకపకా నవ్వి, "ఎంతిచ్చావు?" అని సైగ చేసి, ఇంకో వడ ఊరికే పెట్టిందట. ఆవిడెవరో, చల్లగా ఉండాలి.

సాయంత్రం అయిదున్నరకు ఈఫిల్ టవరు. లిఫ్టుకన్నా మెట్లకి టికెట్టు చవక, పాతికేళ్ళలోపు వాళ్ళకి ఇంకా తక్కువ. రెండో అంతస్తు దాకా 674 మెట్లు ఎక్కింది. మన అన్నవరం కొండ మెట్లు ఎక్కే పిల్ల కాబట్టి సరిపోయింది. 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. ఇరవై ఏళ్ళు ఉంచి తీసేద్దామనుకున్నారు. రేడియో తీగలకు పనికొస్తుందని ఉంచేశారు. ఇప్పుడు ఎత్తు 330 మీటర్లు. వాడిన ఇనుము 7,300 టన్నులు. మనం సంక్రాంతికి సున్నాలు వేసినట్టు, దానికి సుమారు ఏడేళ్ళకోసారి మనుషులే చేత్తో రంగు వేస్తారు, ఒక్కోసారికి 60 టన్నులు!

ఇంకో సంగతి. మొదటి అంతస్తు కింద చుట్టూ 72 మంది శాస్త్రజ్ఞుల పేర్లు రాసి ఉన్నాయి. ఒక్క ఆడమనిషి పేరూ లేదు. సోఫీ జెర్మైన్ అని గణితంలో గొప్పావిడ, లోహం ఎలా సాగుతుందో, వంగుతుందో లెక్కలు కట్టింది. ఇనప గోపురం మీద ఆవిడకే చోటు లేకపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లూ చేర్చాలని తలపెట్టారట. పోనీ, ఆలస్యమైనా!

కిందికి దిగి నది దాటి ఎదుటి గట్టున కూర్చుంది. అక్కడ రాత్రి ఎనిమిది, మనకి పదకొండున్నర. ఫోన్ మోగింది. మా అత్తగారు నిద్రపోలేదు, అద్దాలు తుడుచుకుని కూర్చునే ఉన్నారు. చీకటి పడ్డాక గంటకోసారి అయిదు నిమిషాలపాటు ఆ గోపురం మీద ఇరవై వేల దీపాలు మిలమిలలాడతాయి. "మామ్మా, చూడు!" అంది పిల్ల. ఆవిడ ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశారు, మాట్లాడలేదు. కాసేపటికి, "బొమ్మలో నల్లగా ఉండేదే" అన్నారు. ఆ తరవాత "మెర్సీ, తల్లీ" అన్నారు. ఫ్రెంచిలో కృతజ్ఞతలన్నమాట. అటు పిల్లా, ఇటు నేనూ కళ్ళు తుడుచుకున్నాం.

ఖర్చు నా పుస్తకంలో రాసుకున్నాను. బస్సు రానూపోనూ 58 యూరోలు, మెట్రో పాసు 12, టవరు టికెట్టూ తిండీ కలిపి 25, దారానికి 5. మొత్తం వంద. మన డబ్బులో పదివేల పైచిలుకు. అప్పు వాయిదా ఆ నెలా ఆగలేదు, తారీఖుకే కట్టాం. ఆ దారం మాత్రం ఇంకా తియ్యలేదట. "తీసెయ్యవే" అంటే, "అయిదు యూరోలమ్మా!" అంటోంది.

పిల్లలు దూరంగా కష్టపడి దాచుకున్న నాలుగు రూపాయల్లో ఒక రూపాయితో లోకం చూస్తామంటే, జాగ్రత్తలు చెప్పి పంపండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చిన్నప్పుడు చూడాలనుకుని చూడలేకపోయిన ఊరు ఉందేమో, ఈ పూట భోజనాలయ్యాక ఒకసారి అడగండి. నేను ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ అడగలేదు.