నలందాతోనే అన్నీ కాలిపోలేదు

బౌద్ధం మీద ఎం.ఏ. చేస్తాననో, పీహెచ్‌డీకి వెళ్తాననో అనే పిల్లలకు మన దగ్గర ముందుగా ఎదురయ్యే మాట ఇది: "నలందాలో గ్రంథాలన్నీ తగలబడ్డాయి. మిగిలిన కాసిన్ని విదేశాల వాళ్లు తాళం వేసి దాచుకున్నారు. లక్షలు పోసి అక్కడికి వెళ్తే తప్ప నీకేమీ దొరకదు." ఈ మాట లెక్చరర్ల నోటి నుంచి కూడా రావడం మరీ బాధాకరం. ఇది నమ్మి కొందరు ఆ ఆలోచనే మానుకుంటున్నారు. కొందరు మూలం ఎలాగూ లేదు కదా అని, వాట్సాప్‌లో తిరిగే బుద్ధుడి సూక్తులను సిద్ధాంత వ్యాసాల్లోకి ఎక్కిస్తున్నారు.

నలందా ధ్వంసం కాలేదని ఎవరూ అనడం లేదు. క్రీ.శ. 1200 ప్రాంతంలో మగధ విహారాలు ఘోరంగా దెబ్బతిన్నాయి, ఎన్నో ప్రతులు పోయాయి. అయితే ఒక్కచోటి గ్రంథాలయం పోతే బౌద్ధ సాహిత్యమంతా పోయినట్టేనా? పాలి త్రిపిటకం భవిష్యత్తు నలందా మీద ఆధారపడి లేనే లేదు. అది క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో శ్రీలంకలో గ్రంథస్థమై అక్కడే నిలిచింది. మహాయాన గ్రంథాలు ఆ విధ్వంసానికి ఐదు వందల ఏళ్ల ముందే దేశం దాటాయి. 645లో హ్యూయెన్ త్సాంగ్ ఒక్కడే 657 గ్రంథాలు చైనాకు చేర్చాడు. టిబెట్ పండితులు తరతరాలుగా అనువదించుకున్నవి కంగ్యూర్, తెంగ్యూర్ సంపుటాలుగా ఉన్నాయి. నాగార్జునుడు సాతవాహన రాజుకు రాశాడని చెప్పే సుహృల్లేఖ అలా టిబెటన్, చైనీస్ అనువాదాల్లో బతికింది. 1930ల్లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాలు గాలించి ధర్మకీర్తి ప్రమాణవార్తికం సంస్కృత ప్రతిని వెలుగులోకి తెచ్చాడు. నలందా సంగతే చూడండి. 1235 ప్రాంతంలో అక్కడికి వచ్చిన టిబెట్ భిక్షువు ధర్మస్వామి, తొంభై దాటిన రాహుల శ్రీభద్రుడు శిథిలాల మధ్య డెబ్బై మంది శిష్యులకు పాఠం చెబుతుండగా చూశాడు. తానూ ఆయన దగ్గర చదువుకున్నాడు.

ఇక తాళం సంగతి. ఇగత్‌పురిలోని విపశ్యన పరిశోధన సంస్థ పాలి త్రిపిటకాన్ని అట్టకథలతో (వ్యాఖ్యానాలతో) సహా ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది, అదీ తెలుగు లిపిలో! ఇది తెలియక రోమన్ అక్షరాలతో కుస్తీ పడుతున్న విద్యార్థులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సుత్తసెంట్రల్‌లో పాలి మూలం పక్కనే ఆంగ్ల అనువాదం ఉంటుంది, అదే సుత్తానికి చైనీస్‌లో సమాంతర పాఠం ఎక్కడుందో కూడా చూపిస్తుంది. చైనీస్ త్రిపిటకం టోక్యో విశ్వవిద్యాలయం వారి శాట్‌లో, సంస్కృత మూలాలు జర్మనీలోని గోటింగెన్ వారి గ్రెటిల్‌లో, టిబెటన్ ప్రతులు జీన్ స్మిత్ 1999లో మొదలుపెట్టిన, ఇప్పుడు బుద్ధిస్ట్ డిజిటల్ రిసోర్స్ సెంటర్ అని పిలిచే సంస్థలో దొరుకుతాయి. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే వంటి పండితులు అమరావతి, నాగార్జునకొండ శాసనాలను మళ్లీ చదివి, సరిచేసి, ఆంధ్రదేశ ప్రాచీన శాసనాల పేరిట ఆన్‌లైన్‌లో ఉంచారు. మన ఊళ్ల రాళ్ల మీది అక్షరాలను మనవాళ్లే చదవకపోతే ఎలా?

చెప్పేవాళ్లు ఇక్కడ లేరన్నదీ అన్యాయమైన మాట. గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1957 నుంచి ప్రత్యేక శాఖ నడుస్తోంది. పాలి కోసం పుణె, కోల్‌కతా, టిబెటన్ కోసం సారనాథ్ ఉన్నాయి. భిక్షు జగదీశ్ కాశ్యప్ కృషితో 1951లో మొదలైన నవ నలందా మహావిహారం ఆ పాత శిథిలాల పక్కనే పాఠాలు చెబుతోంది.

ఈ చోట్ల బౌద్ధులకే సీటిస్తారన్న ప్రచారం పచ్చి అబద్ధం. పరిశోధన పత్రికలన్నిటికీ డబ్బు కట్టాలన్నదీ అంతే: జర్నల్ ఆఫ్ బుద్ధిస్ట్ ఎథిక్స్ 1994లో పుట్టినప్పటి నుంచీ ఉచితమే.

ఒక్క మాట మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. "భాష రాకపోతే బౌద్ధం చదవలేవు" అంటారే, అందులో నిజముంది. ఎం.ఏ. దాకా అనువాదాలతో గట్టెక్కవచ్చు. పీహెచ్‌డీకి అది చాలదు. తెలుగు లిపిలో పాలి చదవగలిగినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు, వ్యాకరణం నేర్చుకోక తప్పదు. కాకపోతే సంస్కృత పదాలు నిండిన తెలుగు చదివినవాళ్లకు పాలి మరీ కొత్తగా ఉండదు. ప్రవేశం దొరికేదాకా ఆగకుండా డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టండి. రోజుకో చిన్న సుత్తం చాలు, నిఘంటువు మాత్రం పక్కన ఉండాలి. పాలి టెక్స్ట్ సొసైటీ నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయం ఉచితంగా చూడనిస్తోంది.

అంశం ఎంచుకునే ముందు, మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలుండే శోధ్‌గంగలో వెతకండి. ఆ విషయం మీద ఇదివరకే ఎవరు రాశారో, ఏ మూలాలు వాడారో, ఏవి వదిలేశారో తెలుస్తుంది. బుద్ధుడి మాట ఏది ఉటంకించినా ఏ నికాయం, ఎన్నో సుత్తం అన్నది రాయండి. అది దొరకకపోతే ఆ మాట తీసేయండి. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ దాంట్లో చేరిందో లేదో లైబ్రేరియన్‌ను అడిగి, ఆ వారంలోనే లాగిన్ తీసుకోండి. చేరకపోతే, చేర్చమని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.