‘పార్లే’ అనే ఒక్క క్రియ: ఫ్రాన్స్‌లో మనవలున్న యానాం ఇళ్లకు

మన సంఘం గదికి ఆదివారాలు వచ్చే ఒక పెద్దావిడకి ఫ్రాన్స్‌లో మనవరాలు ఉంది. పిల్లకి ఆరేళ్లు, తెలుగు రాదు. వీడియో కాల్‌లో ఇద్దరూ నవ్వుకుంటారు, చేతులూపుకుంటారు, అక్కడితో ఫోన్ కోడలి చేతికి వెళ్లిపోతుంది. “నాకు నాలుగు ముక్కలు నేర్పండి సెక్రటరీగారూ” అన్నారావిడ.

యానాంలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1954లో ఫ్రెంచి పాలన పోయింది. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక కొన్ని కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వాన్నే ఎంచుకున్నాయి. మా నాన్నగారికి ఈ భాష బడిలో వచ్చింది. నాకు పాత కాగితాలు నకలు రాయడంలో వచ్చింది. అంటే చూసి రాయగలను, నోరు మాత్రం తిరగదు. కాబట్టి తప్పులు చేసి నేర్చుకున్నదే రాస్తున్నాను.

‘పార్లే’ అంటే మాట్లాడడం. రాతలో దీని చివర ఈ, ఆర్ అనే రెండు అక్షరాలుంటాయి. ఫ్రెంచి క్రియల్లో ఎక్కువ భాగం ఇలాగే ముగుస్తాయి, ఒకే వరసలో నడుస్తాయి. ఆ రెండక్షరాలూ తీసేసి, మనిషిని బట్టి వేరే తోక తగిలించాలి:

జె పార్ల్ – నేను మాట్లాడతాను
త్యు పార్ల్ – నువ్వు మాట్లాడతావు
ఈల్ పార్ల్, ఎల్ పార్ల్ – అతను, ఆమె
ను పార్లోఁ – మేము, మనం
వు పార్లే – మీరు
ఈల్ పార్ల్, ఎల్ పార్ల్ – వాళ్లు

ఈ ‘జె’ మన జ కాదు. ‘శ’ అంటూ గొంతు కలిపితే వచ్చే ధ్వని. ‘త్యు’ కోసం పెదవులు సున్నాలా చుట్టి ‘ఈ’ అనాలి. ‘మాట్లాడతాను’కీ, ‘మాట్లాడుతున్నాను’కీ ఈ ఒక్క రూపమే సరిపోతుంది.

నేను, నువ్వు, అతను, వాళ్లు – నాలుగు చోట్లా చెవికి వినపడేది ‘పార్ల్’ ఒక్కటే, గమనించారా? రాతలో తోకలు వేరు, పలుకులో లేవు. మనవాళ్లు జారిపడేది ఇక్కడే. తెలుగులో ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు, చివరి ‘ను’ చెప్పేస్తుంది. ఫ్రెంచిలో ముందున్న ‘జె’ తీసేస్తే ఎవరి సంగతో తెలియదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది.

ఉద్యోగంలో ఉండగా ఒక ఫ్రెంచి పెద్దమనిషి నన్ను “వు పార్లే ఫ్రాంసే?” అని అడిగారు. ఫ్రెంచి మాట్లాడతారా అని. నేను తెలుగు అలవాటులో “వీ, పార్ల్” అనేశాను. ‘వీ’ అంటే అవును, బాగానే ఉంది. కానీ ‘జె’ లేని ‘పార్ల్’ అంటే ‘మాట్లాడు!’ అని ఆజ్ఞ. అదీ నువ్వు అనే వరసలో! ఆయన నవ్వేశారు గానీ నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మనకి కలిసొచ్చేవీ ఉన్నాయి. నువ్వు, మీరు తేడా ఇంగ్లీషువాడికి కొత్తగానీ మనకి కాదు. బయటివారికీ పెద్దలకీ ‘వు’. ఒక్క మనిషైనా సరే, ‘పార్లే’ అనే అనాలి. అయితే అక్కడ ఇళ్లలో మనవలు తాతని కూడా ‘త్యు’ అంటారు. అది చనువు, కోపగించుకోకండి. ఆడామగా తేడా క్రియలో లేదు, ‘మాట్లాడతాడు, మాట్లాడుతుంది’ అనే గొడవే లేదు. ఆయన అనే గౌరవమూ లేదు. మేము, మనం రెండూ ‘ను’ కిందే పోతాయి. అది మాత్రం నాకు లోటుగానే అనిపిస్తుంది.

అచ్చుతో మొదలయ్యే క్రియలకి ఇంకో సంగతుంది. ‘ఆబితే’ అంటే నివసించడం. రాతలో ముందు హెచ్ ఉంటుంది, పలకదు. ‘జె ఆబీత్’ కలిసిపోయి ‘జాబీత్’ అవుతుంది. మన సంధి లాంటిదే. ‘జాబీత్ ఆ యానవోఁ’ అంటే నేను యానాంలో ఉంటాను. ‘ను’ తర్వాతయితే మధ్యలో బల్లమీద జ లాంటి ధ్వని వస్తుంది, ‘నుజాబితోఁ’. అలాగే అతను ఉంటే ‘ఈలాబీత్’, వాళ్లుంటే ‘ఈల్‌జాబీత్’. ‘పార్లే’లో వినపడని ఒకరూ పలువురూ తేడా ఇక్కడ చెవికే తెలుస్తుంది.

లేదు అనాలంటే క్రియకి అటూ ఇటూ రెండు ముక్కలు పెట్టాలి. ‘జె న పార్ల్ పా’, నేను మాట్లాడను. ఇళ్లలో ఆ ‘న’ మింగేస్తారు.

ఇదే అచ్చులో ‘షాఁతే’ పాడడం, ‘మాఁజే’ తినడం. ‘ఆలే’, అంటే వెళ్లడం, కూడా అలాగే ముగుస్తుంది గానీ దారి వేరు. దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి.

పెద్దావిడ ‘మాఁజే’ పట్టుకున్నారు. పోయిన ఆదివారం ఫోన్‌లో “త్యు మాఁజ్?” అని అడిగారు. పిల్ల ఒక్క క్షణం ఆగి, “వీ, మమీ, జె మాఁజ్!” అంది. పిల్ల తనని అమ్మా అంటోందనుకుని ఆవిడ కంగారుపడ్డారు. ఫ్రెంచిలో ‘మమీ’ అంటే నాన్నమ్మ అని కోడలు చెప్పాక రెండోసారి అనిపించుకున్నారు.