నిజాంసాగర్‌లో పేరుకున్న మట్టి ఎవరి పొలానిది?

హైదరాబాదు సంస్థానపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చేతుల మీదుగా మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో ఆరంభమై 1931లో ముగిసింది. నాడు అందులో 29.7 టీఎంసీల నీరు పట్టేది. బోధన్ చెరకు, బాన్సువాడ వరి ఆ నీటి చలవే. సుమారు నాలుగు దశాబ్దాలలో ఆ సామర్థ్యం 12 టీఎంసీల లోపుకు దిగజారింది. ఆనకట్ట ఎత్తు పెంచిన తరువాత గాని అది 17.8 టీఎంసీలకు చేరలేదు. నీరు నిలువవలసిన చోటును మట్టి ఆక్రమించింది.

ఆ మట్టి ఎక్కడిది? మంజీరా బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతాల నల్లరేగళ్లను దాటుకుని మన సంగారెడ్డి, మెదక్ ప్రాంతాలకు వస్తుంది. 1931 జనాభా లెక్కలలో సంస్థానపు జనసంఖ్య 1.44 కోట్లు. తరువాత తినే నోళ్లు పెరిగాయి. పశువులు మేసే బంజర్లు, వాగు ఒడ్లు, కొండవాలులు నాగలి కిందికి వచ్చాయి. గడ్డి వేళ్లు పట్టి ఉంచిన మన్ను వదులైంది. పైరు లేని నేలపై వాన చినుకు పడితే మట్టిగడ్డ చితికి పొడి అవుతుంది. ఆ పొడి రంధ్రాలను పూడ్చివేస్తుంది. ఇంకని నీరు పారుతూ మట్టిని వెంట తీసుకుపోతుంది.

నల్లరేగడిలో వానాకాలమంతా నేలను ఖాళీగా ఉంచి, శీతాకాలంలో జొన్న వేయడం పూర్వాచారం. మంజీరా పరీవాహకంలోనే ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుండి దీర్ఘకాల పరీక్ష సాగింది. ఆ పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోగా, వెడల్పాటి మడులు, కాలువలు తీసి వానాకాలంలోనూ పైరు వేసిన చోట రెండు టన్నుల లోపే పోయింది.

జనాభా పెరుగుదలను నిందించి ఊరుకునేవారితో మేము ఏకీభవించము. నేలను ఎలా పంచుకున్నామన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఇది మా వృత్తికి సంబంధించిన విషయం కూడా. విరాసత్ మసాయిల్ అడగడానికి కుటుంబాలు మా వద్దకు వస్తుంటాయి. ఈ మధ్య ఒక కుటుంబం వచ్చింది. తల్లిదండ్రులు లేరు, ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు, ఎనిమిది ఎకరాలు. లెక్క సులువే: కుమారునికి రెండేసి, కుమార్తెకు ఒక్కొక్కటి. కాని వారు గీయించుకొచ్చిన నక్షాలో ప్రతి భాగమూ పై బాట నుండి కింది వాగు వరకు సన్నని పట్టీ. అంత సన్నని పట్టీని నిలువునా తప్ప దున్నలేరు. వాలు వెంబడి దున్నిన ప్రతి సాలూ వానకు ఒక కాలువే. దానికి తోడు, ముక్కలు చేయడం నష్టమన్న నెపంతో అక్కచెల్లెళ్లకు కొంత డబ్బిచ్చి పంపివేద్దామని పెద్దాయన సూచించాడు. సూరా నిసాలో నిర్ణయించబడిన హక్కును మట్టి పేరు చెప్పి తగ్గించడం హరామ్ అని ఆయనకు అక్కడే చెప్పాము.

వాటా విధి, పట్టీ ఆకారం మాత్రం విధి కాదు. వారసులు అంగీకరిస్తే భూమిని ఉమ్మడిగా ఉంచుకుని పంటను వాటాల ప్రకారం పంచుకోవచ్చు. లేదా వాలుకు అడ్డంగా కొలిచి, ప్రతి సరిహద్దును ఒక గట్టుగా నిలపవచ్చు. అప్పుడు కింది వారికి బాట ఎలా? పై వారి నీరు ఎటు పోవాలి? మన ఫుఖహాలు హక్కె మురూర్, హక్కె మసీల్ అధ్యాయాలలో చర్చించినది సరిగ్గా ఇదే. మదర్సాలో ఈ పాఠాలను పరీక్ష కోసం వల్లె వేయిస్తాము, పొలం గట్టుపై నిలబడి ఏనాడూ చెప్పలేదు. ఆ లోపం మాదే.

ఇద్దరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లిద్దరూ అడ్డపు కొలతకు ఒప్పుకున్నారు. పక్కన ఎడ్లబండి పట్టేంత ఉమ్మడి బాట వదిలారు. పెద్దాయన ఇంకా ఆలోచిస్తున్నాడు. గట్లు వేయించే ఖర్చు భూమి వాటాల చొప్పున భరించాలా, అందరూ సమానంగా భరించాలా అన్నది ఆయన తాజా ప్రశ్న. వచ్చే జుమా తరువాత మళ్లీ కూర్చుంటున్నాము.